తూమేగా, ఎంతసేపు!

వాన పట్టుకున్న రెండో గంటలో మొదలవుతుంది ఈ తంతు. హాల్లో ఫ్యాను పక్కన స్లాబు మీద అరచేయంత మచ్చ తేలుతుంది. చూస్తుండగానే పళ్ళెమంత అవుతుంది. ఎవరో డాబా మీదికి పరుగెత్తి చూస్తే చీలమండ దాకా నీళ్ళు. మూలనున్న తూము నోటికి ఎండాకులు, పాలిథిన్ కవర్లు, ఎప్పటిదో ఒంటి చెప్పు అడ్డం పడి ఉంటాయి. చేత్తో లాగితే పైపైన ఉన్నది వస్తుంది, గొట్టంలోకి దిగబడింది రాదు. అప్పుడు ఇంటాయన లుంగీ ఎగగట్టి, పక్కింటి నిచ్చెన తెప్పించి, బయటి గోడకు ఆనించి ఎక్కుతాడు. ఒక చేతిలో ఇనుప చువ్వ, ఇంకో చేతిలో సెల్‌ఫోన్ లైటు. నిచ్చెన పట్టుకోవడానికి మూడో చెయ్యి దేవుడివ్వలేదు. "పొద్దున చూసుకోవచ్చు, దిగండీ" అని ఇల్లాలు కింద నుంచి అరిస్తే, పైనుంచి వచ్చే జవాబు ఏ ఊళ్ళోనైనా ఒకటే: "తూమేగా, ఎంతసేపు!"

ఆ జవాబులో రెండు అబద్ధాలున్నాయి. తూము తీయడం చిన్న పని అన్నది ఒకటి. ఎప్పుడు పడితే అప్పుడు, ఎవరు పడితే వాళ్ళు చేసేయొచ్చు అన్నది రెండోది. చదువుకున్నవాళ్ళూ, ఇల్లు కట్టే మేస్త్రీలూ, అపార్ట్‌మెంట్ కమిటీల పెద్దలూ కూడా ఈ రెండింటినీ గట్టిగా నమ్ముతారు. నమ్మకం అంత గట్టిగా ఉండబట్టే, కప్పు మీద నుంచి జారిపడ్డవాడి గురించి వింటే "కాలం కలిసిరాలేదు" అని తేల్చేస్తారు. అందులో కాలం తప్పు చాలా తక్కువ. ఆ మనిషి మే నెలలో, మిట్టమధ్యాహ్నం కాకుండా పొద్దున్నే, పొడి డాబా మీద, పిట్టగోడ లోపల నిలబడి చేయాల్సిన పనిని ఆగస్టు రాత్రి తడి గోడ మీద చేయబోయాడు. పడేసింది ఎత్తు ఒక్కటే కాదు, వాయిదా కూడా.

ఇంకో వాదం కూడా తరచూ వినిపిస్తుంది. గటర్ల గొడవ వాలు కప్పుల ఇళ్ళకు, అమెరికా ఇళ్ళకు. మనవి డాబాలు కదా, మనకేం గటర్లు? పెంకుటిళ్ళు పోవడంతోనే ఆ బాధ తీరిపోయిందని దీని సారాంశం. నిజానికి తీరలేదు, పెరిగింది. మండువా లోగిలిలో నాలుగు వాలుల నీళ్ళూ లోపలి చూరుల మీదుగా వాకిట్లోకి దూకేవి. వాలు వాలు కలిసే మూలల్లో రేకు దోనెలుండేవి. దోనెలో ఆకు అడ్డం పడితే నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో కింద కూర్చున్న ముసలమ్మకు కూడా కనపడేది. డాబా సంగతి అలా కాదు. నాలుగు వైపులా గట్టు పోసిన చెరువు అది, దానికి ఉన్నదల్లా తూమే. ఊరి చెరువుకైతే తూముతో పాటు అలుగుంటుంది. నీళ్ళు హద్దు దాటితే కట్ట తెగకుండా అలుగు దూకిపోతాయి. తూము తీయడానికి, మూయడానికి నీరటికాడు ఉండేవాడు. డాబా చెరువుకు అలుగూ లేదు, నీరటికాడూ లేడు.

ఆ చెరువులో ఎంత నీరు నిలుస్తుందో లెక్క వేస్తే చిన్న పని అన్న మాట గొంతులోనే ఆగిపోతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 2000 ఆగస్టు 24న హైదరాబాద్ బేగంపేటలో ఒక్క రోజులో దాదాపు 24 సెంటీమీటర్లు కురిసింది. 100 చదరపు మీటర్ల డాబా, అంటే సుమారు 120 గజాల కప్పు మీద, ఆ రోజు పడ్డ నీరు 24,000 లీటర్లు. బరువు 24 టన్నులు. మనుషులు తిరిగే చదును కప్పుకు భారతీయ ప్రమాణాలు లెక్కలోకి తీసుకోమన్న భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. ఆరంగుళాల నీళ్ళు నిలిస్తే అంత బరువూ నీళ్ళే. వెంటనే స్లాబు కూలుతుందని కాదు, డిజైన్‌లో దానిపైన కూడా కొంత ఓర్పు ఉంచుతారు. కానీ ఏటా నిలిచే నీళ్ళు సన్నటి పగుళ్ళలోంచి లోపలి ఇనుముకు చేరతాయి. ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, కింద పెచ్చులు ఊడతాయి. అప్పుడు పిలిచేది వాటర్‌ప్రూఫింగ్ మనిషిని. తూములో గుప్పెడు కానుగాకుల సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

తూములు సరిపడా ఉన్నాయా అన్నది ఇంకో ప్రశ్న. ప్లంబింగ్ ప్రమాణాల పట్టికల ప్రకారం గంటకు 100 మిల్లీమీటర్ల జోరు వానకు నాలుగంగుళాల గొట్టం ఒకటి సుమారు 40 చదరపు మీటర్ల కప్పును మోయగలదు. మూడంగుళాల గొట్టమైతే 20. అంటే 100 చదరపు మీటర్ల డాబాకు నాలుగంగుళాలవి మూడు కావాలి. రెండే పెట్టి, అందులో ఒకటి మూసుకుపోయిన ఇంట్లో మిగిలిన ఒక్కటి ఎంత ఈడుస్తుంది?

ఇక మూసుకుపోయిన తూము లోపల ఏముంటుందో దగ్గర్నుంచి చూడాలి. పైన ఎండిన వేపాకు, మాఘ ఫాల్గుణాల్లో రాలింది. దాని సందుల్లో ఉగాది నాటి వేపపూత, నలిగి పిండిలా అయింది. సంక్రాంతి పతంగుల మాంజా ఆ చెత్తనంతా కట్టగట్టినట్టు చుట్టుకుని ఉంటుంది. పావురాల ఈకలు, రెట్ట. నీళ్ళ ట్యాంకు మరమ్మతు చేసినవాడు వదిలేసిన సిమెంటు ముద్ద. ఇంకా కిందికి వెళితే నల్లటి మెత్తని బురద, దాంట్లో వేళ్ళూనిన రావి మొక్క. కాకి వేసిన విత్తనమది. బయటికి నాలుగాకులే కనిపిస్తాయి గానీ, వేరు గొట్టానికీ గోడకూ మధ్య సందు వెతుక్కుని జానెడు దిగి ఉంటుంది. దీన్ని చువ్వతో పొడిస్తే ఏమవుతుంది? మొత్తం ఇంకా కిందికి దిగి, మొదటి బెండు దగ్గర బిరడాలా బిగుసుకుంటుంది. వానలో ఎక్కినవాడు చేసేది సరిగ్గా ఇదే. ప్రాణాలకు తెగించి ఎక్కి, సమస్యను రెండడుగులు కిందికి నెట్టి దిగుతాడు.

పెద్దవాళ్ళను అడిగితే మా తాత తాడూ గీడూ లేకుండా ఇంటికప్పు ఎక్కి పెంకు సర్దేవాడని చెబుతారు. నిజమే, ఎక్కేవాడు. అయితే ఆ కథలో మూడు సంగతులు వదిలేస్తారు. ఆ చూరు ఎత్తు మనిషి చెయ్యెత్తితే అందేంత. కింద ఉన్నది పేడతో అలికిన మట్టి నేల. పెంకు సర్దడం ఎండాకాలపు పని, వాన పడుతుండగా ఎవరూ పెంకు మీద కాలు మోపేవాళ్ళు కాదు. మనవడు ఎక్కేది రెండంతస్తుల గోడ. కింద గ్రానైటు మెట్లు, గేటు మీద శూలాలు. పది అడుగుల నుంచి పడ్డ మనిషి నేలను తాకే వేగం గంటకు సుమారు 28 కిలోమీటర్లు, ఇరవై అడుగుల నుంచైతే 39. పది అడుగులు పడడానికి సెకను కూడా పట్టదు. గట్టిగా పట్టుకుంటాలే అనుకోవడానికి అందులో వ్యవధి లేదు.

ఒక్క అంతస్తేగా అనేవాళ్ళకు ఒక ఉదంతం. రాడ్ హల్ అని బ్రిటన్‌లో పేరున్న హాస్యనటుడు ఉండేవాడు. ఈమూ పక్షి బొమ్మను చంకన పెట్టుకుని టీవీలో నవ్వించేవాడు. 1999 మార్చి 17న ఫుట్‌బాల్ మ్యాచ్ వస్తుంటే టీవీలో బొమ్మ సరిగా రావడం లేదని యాంటెన్నా తిప్పడానికి తన ఒక్క అంతస్తు బంగళా కప్పెక్కి, జారిపడి చనిపోయాడు. అది తూము పని కాదు, యాంటెన్నా పని. కానీ 'ఒక్క నిమిషం' అన్న ధీమా అదే. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాల లెక్కలో 2011 ఒక్క ఏడాదిలో, ఉద్యోగంలో ఉండి నిచ్చెనల మీద నుంచి పడి చనిపోయినవాళ్ళే 113 మంది. వాళ్ళది నిచ్చెనలతోనే బతుకు. ఆదివారం పూట గరాజ్‌లోంచి నిచ్చెన లాగే ఇంటాయన ఈ లెక్కలో లేడు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొన్న తెలుగువాళ్ళు ఆకురాలు కాలంలో గటర్ శుభ్రం చేయడానికి డబ్బు అడిగితే ముక్కున వేలేసుకుంటారు, మన ఊళ్ళో డాబాలెక్కలేదా అని. ఊళ్ళో ఎక్కింది మెట్ల మీదుగా.

నిచ్చెన కూడా తెలిసిన వస్తువే కదా అనుకుంటారు. నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున కాళ్ళు గోడకు దూరంగా ఉండాలన్నది ప్రపంచమంతా పాటించే లెక్క. ఇరవై అడుగుల ఎత్తుకు నిచ్చెన కాళ్ళు అయిదడుగుల దూరంలో ఉండాలి. కప్పు మీదికి దిగేటట్టయితే పైన మూడడుగులు మిగిలి ఉండాలి. మన పాత కాలనీల్లో ఇంటికీ ప్రహరీకీ మధ్య సందు మూడడుగులు. అందులో మళ్ళీ సెప్టిక్ ట్యాంకు మూత, తులసి కోట, సైకిలు. అక్కడ నిచ్చెన దాదాపు నిట్టనిలువుగా నిలబడుతుంది, మనిషి వెనక్కి వాలగానే అదీ వాలుతుంది. అంటే ఆ సందులో జాగ్రత్తగా ఎక్కడం అనేదే లేదు. ఎక్కకపోవడమే జాగ్రత్త. సందు సరిపోయిన చోట కూడా నిచ్చెనను పీవీసీ గొట్టానికి ఆనించడం, పక్కకు సాగి రెండు నిలువు గెడల మధ్య నుంచి బొడ్డు బయటికి పోయేలా అందుకోబోవడం, కింద పట్టుకున్నవాడు ఫోన్ వస్తే వదిలేయడం మామూలే.

అన్నిటికన్నా నిశ్శబ్దంగా చంపేది కరెంటు. ఇంటి పక్కగా పోయే మామూలు లైనుకు, 11 కేవీ లైనుకు కూడా అడ్డంగా కనీసం 1.2 మీటర్లు దూరం ఉండాలని విద్యుత్ భద్రతా నిబంధనలు చెబుతాయి. డాబా పైనుంచి పోతే మామూలు లైనుకు 2.5, 11 కేవీకి 3.7 మీటర్లు. ఇల్లు కట్టేటప్పుడు ఆ దూరం ఉంటుంది. తర్వాత బాల్కనీ ముందుకు పెరుగుతుంది, పైన ఒక గది లేస్తుంది. 1.2 మీటర్లంటే నాలుగడుగులు. తూము పొడవడానికి తెచ్చిన ఇనుప చువ్వ ఎనిమిదడుగులు. చువ్వ కాక వెదురు తీసుకున్నాం కదా అంటే, తడిసిన వెదురు కూడా కరెంటును మోస్తుంది. అల్యూమినియం నిచ్చెన గురించి చెప్పనక్కర్లేదు. 11 కేవీ తీగకైతే తాకాల్సిన అవసరం కూడా లేదు, బాగా దగ్గరికి వెళితే చాలు.

సిమెంటు రేకుల షెడ్లది మరో కథ. రెండు షెడ్లు కలిసే చోట రేకు కాలువ నిండితే దాని దగ్గరికి పోవడానికి రేకు మీద నడుస్తారు. పాత సిమెంటు రేకు చూడ్డానికి రాయిలా ఉంటుంది, అడుగేస్తే అప్పడంలా విరుగుతుంది. పైగా అది ఆస్‌బెస్టాస్ అయితే వైరు బ్రష్షుతో రుద్దినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు విషం. దానిమీద పలకలు వేసుకుని నడవడం తెలిసినవాళ్ళు తప్ప ఇంకెవరూ కాలు పెట్టకూడదు.

ఇంత చెప్పాక ఇంటివాళ్ళు ఒక మధ్యేమార్గం కనిపెడతారు. మేమెందుకు ఎక్కుతాం, కూలీల అడ్డా మీద నుంచి ఒక కుర్రాణ్ణి పిలిపిస్తాం. ఈ మాటలో జాగ్రత్త ఉందనిపిస్తుంది, కానీ ఉన్నది చేతులు మారిన ప్రమాదం. ఆ కుర్రాడు మట్టి మోయడానికో, ఇటుకలందించడానికో అడ్డా మీద నిలబడ్డవాడు. వాడికీ అదే పక్కింటి నిచ్చెన, అదే ఇనుప చువ్వ, కాళ్ళకు హవాయి చెప్పులు. పనికి ముందు బేరం ఆడతారు గానీ, తాడు ఉందా అని ఎవరూ అడగరు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కూడా, సొంత ఇంటికి పది లక్షల రూపాయల లోపు పని చేయించుకునే యజమానిని తన పరిధి నుంచి మినహాయించింది. రోజుకూలీ మీద తూము తీయడానికి వచ్చినవాడికి రక్షణ ఇవ్వాల్సింది చివరికి ఆ ఇంటివాళ్ళ మంచితనమే అన్నమాట. మంచితనం టీ దాకా వస్తుంది. సేఫ్టీ బెల్టు దాకా రావడం అరుదు.

జాలీ వేశాం కదా, ఇక చెత్త పోదు కదా అని ఇంకొందరి ధైర్యం. తూము నోటికి బిళ్ళలా అడ్డంగా బిగించిన జాలీ చెత్తను లోపలికి పోనివ్వదు, నిజమే. కానీ ఒక్క పాలిథిన్ కవర్ దాని మీద పరుచుకుంటే నీటినీ పోనివ్వదు. జాలీ గుమ్మటంలా పైకి లేచి ఉండాలి. చుట్టూ ఆకులు చేరినా పైభాగం నుంచి నీరు దిగుతుంది. అదైనా చెత్తను ఆపుతుందే గానీ మాయం చేయదు, ఆగినదాన్ని ఎవరో తీయాలి.

ఎదుటివాళ్ళ వాదంలో ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. ప్రతిదానికీ నిపుణుణ్ణి పిలిచే స్తోమత అందరికీ ఉండదు, ఇంటి పని ఇంటివాళ్ళు చేసుకోవడంలో తప్పేమీ లేదు. అసలు ఈ పనిలో ఎక్కువ భాగానికి నిపుణుడూ అక్కర్లేదు, నిచ్చెనా అక్కర్లేదు. మెట్లెక్కి, డాబా మీద పిట్టగోడకు ఇవతల నిలబడి చేసేదే. కావలసింది చీపురు, తాపీ, బకెట్టు, రబ్బరు గ్లవుజులు. ఉత్త చేత్తో తూములో వేలు పెడితే జెర్రి ఉందో, తేలు ఉందో, గాజు పెంకు ఉందో తెలియదు. పావురాల రెట్ట ఉంటే ముందు నీళ్ళు చిలకరించి, ముక్కుకు మాస్కు కట్టుకుని తీయాలి. పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తులను పట్టుకుంటుంది. చెత్తను పైకి తీయాలి, లోపలికి పొడవకూడదు. రావి మొక్కను పైన తుంచి ఊరుకుంటే రెట్టింపు పట్టుదలతో మొలుస్తుంది, వేరుతో సహా పీకి సందును పూడ్చాలి. ఆఖరున రెండు బకెట్ల నీళ్ళు పోసి కింద గొట్టం చివర ఎంత జోరుగా వస్తున్నాయో చూడాలి. పోసినంతా వస్తే సరే. బొట్లుబొట్లుగా వస్తే అడ్డు కిందే ఉంది.

దానికీ కిందినుంచే దారి ఉంది, ఇల్లు కట్టేటప్పుడే ఆలోచిస్తే. గొట్టం నేలకు చేరే మలుపు దగ్గర మామూలు బెండు బదులు డోర్ బెండు పెట్టమని ప్లంబర్‌కు చెప్పాలి. దానికి చిన్న తలుపుంటుంది. బోల్టులు విప్పితే నేలమీద నిలబడే గొట్టంలోని బురద లాగేయొచ్చు. డాబా పూతలో మేస్త్రీ పెట్టే వాటం తూము వైపు ఉందో లేదో అతను ఉండగానే నీళ్ళు పోయించి చూడాలి. మిగిలింది అలుగు. అసలు తూముకన్నా రెండంగుళాలు ఎత్తులో పిట్టగోడకు ఇంకో చిన్న తూము, నీళ్ళు వీధి వైపు అందరికీ కనపడేలా పడేట్టు పెడితే చాలు. అది దూకడం మొదలెట్టిందంటే కింది తూము మూసుకుందని అర్థం. అర్ధరాత్రి నిచ్చెన ఎక్కాల్సిన పని లేదు. నీళ్ళు ఎటో పోతూనే ఉంటాయి, పొద్దున వాన ఆగాక చూసుకోవచ్చు. ఒక గొట్టం ముక్క ఖర్చుతో 'దిగండీ' అన్న ఇల్లాలి మాట నెగ్గుతుంది.

తూము మూసుకుంటే స్లాబుకే నష్టం అనుకోవడం కూడా పొరపాటే. డెంగీని మోసే ఏడిస్ దోమకు గుప్పెడు నీళ్ళు చాలు. ఎండ కాసే రోజుల్లో గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు. ఆ గుడ్లు నీళ్ళు ఎండిపోయినా నెలల తరబడి చావకుండా ఉండి, మళ్ళీ తడి తగలగానే పగులుతాయి. సజ్జ మీద ఆగిన నీళ్ళు, తూము చుట్టూ పల్లం, వాటిలో కుళ్ళే ఆకులు ఆ దోమకు పురిటిల్లు. మున్సిపాలిటీ వాళ్ళు వీధి కాలువలో మందు కొట్టలేదని తిట్టే ఇంటి నెత్తిన పెరిగే దోమ ఇది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ఇంకుడు గుంతలు తవ్వమంది, చాలామంది తవ్వారు కూడా. డాబా ఊడ్వకుండా ఆ గుంతకు గొట్టం కలిపితే మొదటి వానకే ఆకులూ రెట్టా గుంతలోకి దిగి, రెండేళ్ళలో నీరు ఇంకని గుంత మిగులుతుంది. వాన గొట్టాన్ని డ్రైనేజీలో కలిపేవాళ్ళు మరీ తెలివైనవాళ్ళు. వాన వచ్చిన రోజు వాళ్ళ నీళ్ళే వీధి మ్యాన్‌హోల్‌లోంచి పైకి పొంగుతాయి.

ఇక తూము ఎప్పుడు తీయాలన్నది మిగిలింది. వేప, కానుగ ఆకు రాల్చడం ఎండాకాలంలో చాలావరకు అయిపోతుంది. ఆ తర్వాత తీసిన తూము తొలి వానల దాకా శుభ్రంగా ఉంటుంది. నెల్లూరు, చిత్తూరు వైపు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో కాబట్టి అక్కడ సెప్టెంబరు చివర ఇంకోసారి చూసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఊరి చెట్ల ఆకంతా రాలింది. అలాంటి గాలి తర్వాత కూడా ఒకసారి తప్పదు, అదీ గాలి పూర్తిగా తగ్గాక, తెగిన తీగలేవీ డాబా మీద పడలేదని చూసుకున్నాక. మిగతా ఊళ్ళకు ఏటా ఒక పొద్దు చాలు. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది, మృగశిర జూన్ 8 ప్రాంతంలో. మధ్యలో రెండు ఆదివారాలున్నాయి.